అమ్మ చెప్పిన బరువు

కూర్చున్న కుర్చీకి చక్రాలు వచ్చిన రోజు నుంచీ ఆవిడకు వీధి దూరమైపోయింది. గుమ్మం ముందున్నవి మూడే మెట్లు. అయినా తన కుట్టుపని కొట్టుకు తను వెళ్ళాలంటే భర్త వచ్చి కుర్చీతో సహా ఎత్తి దించాలి, సాయంత్రం మళ్ళీ ఎక్కించాలి. ఆయన ఒక్కసారీ విసుక్కోడు. విసుక్కుంటే పోట్లాడనైనా పోట్లాడేది.

"నీ అంతట నువ్వే దిగి ఎక్కేలా వాలుబల్ల వేయిద్దామమ్మా," అంది కూతురు. వాలు మీద బండి లెక్కలు ఆ వారమే కాలేజీలో చెప్పారట. ఇక పిల్ల ఊరుకుంటుందా? స్ప్రింగు త్రాసు తెచ్చి, తల్లి చేత లాగించి, చేతుల బలం చూసింది. మెట్ల ఎత్తు కొలిచింది. కాగితం మీద బండి గీసి బరువును రెండు బాణాలుగా విడగొట్టింది.

"ఈ బాణం బల్లను నొక్కుతుంది. ఇది నిన్ను కిందికి లాగుతుంది. దీన్ని నీ చేతులు గెలవాలి. ఇంతకీ నీ బరువెంత?"

పక్కనే భర్త పేపరు చదువుతున్నాడు.

"యాభై అయిదు," అంది ఆవిడ కళ్ళార్పకుండా.

లెక్క ప్రకారం ఏడున్నర అడుగుల బల్ల చాలు. వడ్రంగి తెచ్చి వేశాడు. ఆవిడ దిగడం బాగానే దిగింది. ఎక్కేటప్పుడు సగంలో కుర్చీ మొరాయించింది. రెండోసారీ అంతే. భర్త పరుగున వచ్చి వెనక నుంచి పట్టుకున్నాడు.

కూతురు లెక్క మళ్ళీ చేసింది, ఘర్షణ కూడా కలిపి చూసింది. ముఖం వాడిపోయింది.

"లెక్క తప్పలేదమ్మా. నీ చేతుల్లోనే సత్తువ తగ్గినట్టుంది. పోనీలే, నాన్న ఉన్నాడుగా."

పరువు చూసుకుంటే వీధి పోయేట్టుంది.

"డెబ్భై," అంది గోడకేసి చూస్తూ.

"ఏంటి డెబ్భై?"

"నా బరువు." భర్త వైపు తిరిగింది. "మీరు నవ్వారంటే ఊరుకోను."

"రోజూ ఎత్తేది నేనే కదే. నాకు తెలియదా?" అన్నాడాయన.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు యాభై అయిదంటే యాభై అయిదే."

ఆవిడకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బల్ల పదడుగులైంది. దానికి చోటివ్వడానికి ఆయన స్కూటరు గేటు బయటికి పోయింది. ఆదివారం పొద్దున ఆవిడ దిగింది, ఎక్కింది, సంతోషం పట్టలేక మళ్ళీ దిగింది. గేటు దగ్గర ఆయన అలవాటుకొద్దీ కుర్చీ వెనక చెయ్యి వేసి, "ఎక్కడికి?" అన్నాడు.

ఏడాదిగా ఆయనకు తెలియకుండా ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు.

"వచ్చాక చెబుతా," అంది.

ఆయన చెయ్యి తీసేశాడు.