జంగు వాపసు అడుగులు

పొద్దున లేవగానే పోశక్క చేసే మొదటి పని ఊబి గట్టు మీద నిలబడి అడుగులు చూడడం. ఆ రోజు లోపలికి వెళ్లేవాళ్లు తిరిగొచ్చే అడుగులు తెల్లారేసరికే బురదలో పడి ఉంటాయి, వేళ్లు ఊరి వైపు, మడమలు ఊబి వైపు. అడుగులు పడనివాళ్లను ఆమె గట్టు దాటనివ్వదు. పడినవాళ్లు పిట్టలను చూసి, ఫోటోలు తీసుకుని, ఎవరి అడుగుల్లో వాళ్లు కాళ్లు పెట్టుకుంటూ వెనక్కి వస్తారు. కాలు పడగానే ఆ అడుగులో నీళ్లూరి కాసేపటికి పూడిపోతుంది. రేగుంట ఊరి అవతలి ఈ ఊబిని జాతీయ పార్కు చేసినప్పుడు పెద్ద బోర్డు పెట్టారు గానీ, అడుగుల సంగతి దాని మీద రాయలేదు. ఎండలో గొడుగు వేసుకోమని ఎవరైనా బోర్డు పెడతారా?

ఒక్క జంగు అడుగులు మాత్రం పూడలేదు. జంగు పోశక్క మొగుడు. ఎనిమిదేళ్ల కిందట తప్పిపోయిన బర్రెను వెతుకుతూ ఊబిలోకి వెళ్లాడు. తన అడుగులు చూసుకునే వెళ్లాడు. ఎడమ బొటనవేలు పక్కకు తిరిగిన ఆ అడుగులు ఎవరివంటే ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. బర్రె సాయంత్రానికి దానంతట అదే ఇంటికొచ్చింది. జంగు రాలేదు. అడుగులుంటే చాలదు, వాటిలో కాలు పెట్టి రావాలి. దూరంగా తుంగ మొదట్లో పడి ఉన్న తన మొదటి అడుగు కోసం అతను ఇంకా వెతుక్కుంటున్నాడని అందరికీ తెలుసు. అందుకే ఆ అడుగులను ఎవరూ తొక్కరు, పోశక్క మెట్టెలు తీయలేదు. అత్త యాదక్క రోజూ సాయంత్రం కొడుకు బురదకాళ్లు కడుక్కోవడానికి పెద్ద గిన్నె, గంజు నిండా ఉడుకునీళ్లు కాచి వాకిట్లో పెడుతుంది. చల్లారాక పారబోస్తుంది.

ఆ ఆదివారం అంజలి వచ్చింది. గడ్చిరోలిలో కాలేజీ చదువు, మెడలో దుర్భిణి. రేగుంట ఆమె అమ్మమ్మ ఊరు కాబట్టి కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ఆమె బూట్ల అచ్చులు పొద్దున్నే పడ్డాయి. జంగు తమ్ముడు విలాస్ ఆ పార్కులోనే గార్డు, అతనూ తోడు నడిచాడు. నీటికోళ్లను చూశారు, నత్తలు ఏరుకు తినే కొంగలను చూశారు. అంతలో తుంగ వెనక నుంచి సారసాల జంట లేచింది. అంజలి దుర్భిణి కళ్లకు పెట్టుకుని వాటి వెంట నడిచింది. పోశక్క కేక వేసేసరికే తన అచ్చులున్న దారి వదిలి చాలా దూరం పోయింది, నడుం దాకా దిగిపోయింది.

"అత్తా!"

"కదలకు బిడ్డా! కాళ్లు కొట్టుకోకు!"

విలాస్ తాడు విసిరాడు, అందలేదు. ముందుకు వెళ్లబోతే తనూ మోకాలి దాకా దిగి, కష్టపడి బయటపడ్డాడు.

"చౌకీల పెద్ద తాడుంది వదినె, ఉరికి తెస్త."

"నువ్వొచ్చే దాంక పిల్ల ఉంటదా?"

బురద అంజలి ఛాతీకి వచ్చింది. ఆమె చేతికి అందేంత దగ్గర, తుంగ మొదట్లో, జంగు మొదటి అడుగు ఉంది. పోశక్క దాన్ని చూసింది. విలాస్ కూడా చూశాడు.

"వద్దు వదినె! అన్న ఎట్ల వస్తడు మరి? నీ కాళ్లు మొక్కుత, జర ఆగు."

ఆగాలనే పోశక్కకూ ఉంది. ఇన్నేళ్లు ఆమె బతికింది ఆ అడుగులను చూసుకునే. పిట్టల కోసం వచ్చిన ఈ పిల్ల తనకేమవుతుందని? ఒక్క క్షణం ఆ పిల్ల మీద ఆమెకు అసహ్యం పుట్టింది. దాని వెంటే తనంటే తనకే భయం వేసింది. బురద అంజలి భుజాలకు చేరింది.

"నీ కుడిపక్క అడుగుంది బిడ్డా. దాంట్ల చెయ్యి పెట్టి పైకి లే."

అంజలి తల తిప్పి చూసి ఏడ్చింది. "ఇవి జంగు మామయి గదత్తా!"

"ఆయన పెండ్లాన్ని నేను చెప్తున్న. పెట్టు!"

అడుగు రాయిలా గట్టిగా ఉంది. అంజలి దాన్ని పట్టుకుని పైకి లేచింది, ఒక్కొక్క అడుగులో కాలు పెట్టుకుంటూ వచ్చింది. ఎన్ని వానలకూ చెరగని అడుగులు ఆమె వెనక నీళ్లూరి పూడిపోయాయి. విలాస్ అటు తిరిగి గట్టిగా ఏడ్చాడు. గట్టు పక్కనున్న చివరి అడుగు దగ్గర అంజలి ఆగి, దాన్ని తొక్కకుండా దూకి పోశక్క ముందు పడింది.

"ఒక్కటన్న ఉండనీ అత్తా."

ఒక్క అడుగుతో ఏ మనిషి ఇల్లు చేరతాడు? పోశక్క గట్టు దిగింది. తన కాలు అందులో పెట్టింది. పెద్ద అడుగు, ఆమె పాదానికి చుట్టూ ఇంకా చోటు మిగిలింది. వేళ్ల మధ్య నీళ్లూరాయి.

"ఇగ వెతకకు," అంది తుంగ వైపు చూసి. "చానా అలిసినవ్. పడుకో."

ఇంటికి చేరేసరికి వాకిట్లో గంజు పొగలు కక్కుతోంది. విలాస్ ముందే వచ్చి చెప్పినట్టున్నాడు, యాదక్క గడప మీద కూలబడి ఉంది.

"ఆ పిల్ల బతికిందా?"

"బతికిందత్తా."

ముసలామె లేచి గంజు దగ్గరికి వెళ్లింది.

"కాళ్లు పెట్టు," అంది.

కొడుకు కోసం కాచిన నీళ్లు కోడలి కాళ్ల మీద పోసి, చేత్తో రుద్ది బురదంతా కడిగింది. మెట్టెలు బయటపడ్డాయి. యాదక్క వాటిని తనే ఒక్కొక్కటిగా తీసి, కొంగున ముడేసుకుంది.