అంచు కోసిన రైలుబొమ్మ

గోదావరికి పెద్ద వరద వచ్చి వెళ్ళిన నాలుగో ఏడు నా విలువ పోయింది. నేను ఒక అట్టబొమ్మను. తెల్లదొరల నాడు సిగరెట్లతో పాటు పెట్టెలో పెట్టే బొమ్మగా పుట్టాను. ఒంటి మీద రైలింజను, చుట్టూ తెల్లని అంచు. ధవళేశ్వరంలో ఒక దొర సిగరెట్టు కాల్చుకుని నన్ను పారేశాడు. ఆయన వంటవాడు ఏరుకున్నాడు. పేకాటలో ఓడి గవర్రాజు తండ్రికి ఇచ్చాడు. పారేసేదీ మనుషులే, వెతుక్కునేదీ మనుషులే.

గవర్రాజు పుస్తకాలకు బైండింగు చేస్తాడు. వరదలో కొట్టు పైరేకులు పోయాయి. నాలుగేళ్ళుగా టార్పాలిన్ పట్టానే కప్పు. వాన పడితే ఊళ్ళోవాళ్ళ పుస్తకాలు తడుస్తాయి. ఆ వరదలోనే నా మూల ఒకటి నాని చివికింది.

ఒక రోజు కాకినాడ నుంచి నరహరి గారని ఒకాయన వచ్చారు. పాత బొమ్మలు పోగుచేసే మనిషి. నన్ను చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మూల పోయినా పర్లేదండి. ఇది నాకిచ్చేయండి, మీ కొట్టుకి రేకులు నేనేయిస్తాను. భోంచేసొస్తా."

ఆయన అటు వెళ్ళగానే గవర్రాజు నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత మాసిన అంచులతో ఇత్తే ఏవనుకుంటాడే ఆ మనిషి?"

"ఆయనేం అడగలేదు గదయ్యా," అంది పెళ్ళాం మంగాయమ్మ.

"అడగాలా? అంచు కొయ్యకుండా నా కొట్లోంచి ఏ పనైనా బయటికెళ్ళిందా?"

వద్దురా నాయనా అని అరిచాను. అట్టకు నోరెక్కడిది? మైదా జిగురుతో మూల అతికాడు. కటింగు మిషను కింద పెట్టి చక్రం తిప్పాడు. నాలుగు పక్కలా గడ్డిపోచ వెడల్పున పోయింది. దొర పారేసిననాడు కూడా నాకింత కడుపుమంట లేదు.

నరహరి గారు వచ్చి, తన దగ్గరున్న అలాంటి బొమ్మ పక్కన నన్ను పెట్టారు. పొట్టిగా ఉన్నాను.

"ఎవరు కోసేరండీ?"

"నేనేనండి. సుబ్బరంగా ఉంటాదని."

"మాసింది మాసినట్టుంటేనే దానికి విలువండి. కోసి, అతికేక ఉత్త అట్టముక్క. ఇంకెవరూ ముట్టుకోరు."

నన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

"రేకులు కూడా కోసేసేవయ్యా," అంది మంగాయమ్మ.

మర్నాడు పొద్దున ఒక ముసలావిడ, చనిపోయిన భర్త చేత్తో రాసుకున్న పాటల పుస్తకం తెచ్చింది.

"అంచులు చివికిపోయేయి నాయనా, కోసెయ్యి."

గవర్రాజు చక్రం మీద చెయ్యి వేసి, తీసేశాడు. నన్ను తెచ్చి మిషను ఎదుట గోడకు మేకుతో కొట్టాడు. నడిమిన కన్నం పడింది. పోయిన విలువకు కన్నమొక లెక్కా?

"అంచులలా ఉండనియ్యండమ్మా," అన్నాడు.

పైన పట్టా కారుతోంది. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, వంగి, కుట్టు మాత్రం వేశాడు.