రిపేరు షెడ్డులో కచేరీ

వయొలిన్ వాయించే ఆవిడను తోటి కళాకారులంతా ‘భూతద్దం’ అనేవాళ్లు, వెనకాలే లెండి. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే, ఒక్క స్వరం వెంట్రుకవాసి జారితే ఆవిడ చెవి ఠక్కున పట్టేసేది. కచేరీ అయ్యాక మొహమాటం లేకుండా చెప్పేసేది కూడా. పొగడ్తకు మాత్రం ఆవిడ దగ్గర ఎప్పుడూ కరువే.

అలాంటి మనిషిని ఏరికోరి పిలిచాడు వేణువు వాయించే తమ్ముడు. సొంత తమ్ముడేం కాదు, పదిహేనేళ్లు పక్కపక్కన కూర్చుని వాయించిన చనువుతో కలిసిన వరస. ఏడాదిన్నర కిందట తలుపు సందులో పడి అతని ఎడమచేతి ఉంగరపు వేలు నలిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు మునుపటి మాట వినడం మానేసింది.

"ఆదివారం పొద్దున పదిమంది ముందు వాయిస్తానక్కా. విని, పనికొస్తానో లేదో ఉన్నదున్నట్టు చెప్పు. లేదన్నావా, సోమవారం వెళ్లి బడిలో గుమాస్తాగా చేరిపోతా. మళ్లీ వేణువు జోలికి పోను" అన్నాడు.

ఆనాటి నుంచి ఆవిడకు నిద్ర పడితే ఒట్టు. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పి అతని చేతిలోంచి వేణువు లాగేయడానికి మనసొప్పదు.

కచేరీ పెట్టింది వాద్యాలు బాగుచేసే ఓ పెద్దాయన షెడ్డులో. తీగలు లేని వీణల్ని గోడకు ఆనించి, జిగురు డబ్బాలు, రంపాలు ఓ మూలకు నెట్టి చాపలు పరిచారు. మైకు లేదు. అతను ఊపిరి తీసుకుంటే వెనక వరసకు వినిపించేంత దగ్గర. ఆవిడ పెద్దాయన పక్కన కూర్చుని చెవులు రిక్కించింది.

మొదటి పాటలోనే తప్పు దొరికింది. లేవాల్సిన చోట ఉంగరపు వేలు రెప్పపాటు ఆలస్యంగా లేచింది. మళ్లీ అదే చోటు వచ్చేసరికి అతను కంగారుపడలేదు. కింది స్వరాన్నే ఇంకాస్త సాగదీసి, వేలు లేచేదాకా నిలిపి, తాపీగా పైకి వెళ్లాడు. ఒకప్పుడు వేగం చూపించుకోవడానికి ఉరకలు వేసిన మనిషేనా ఇతను? ఆ తర్వాత ఆవిడ ఒళ్లు మరిచిపోయింది. హాయిగా ఉంది, అంతే.

చప్పట్లు మోగాక గానీ ఈ లోకంలోకి రాలేదు. అప్పుడు పెద్దాయన మెల్లగా అన్నాడు:

"అమ్మా, ఇక నా చెయ్యి వదులుతావా? తిమ్మిరెక్కింది."

చూసుకుంటే ఏముంది! ఆయన ముంజేతిని వయొలిన్ మెడలా పట్టుకుని, అరగంటగా నాలుగు వేళ్లతోనూ వాయిస్తూనే ఉందట.

"అయ్యయ్యో, ముందే చెప్పొద్దా?"

"బాగా కలిసింది కదా అని ఊరుకున్నా" అన్నాడాయన.

జనం లేస్తుండగా తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని తప్పులక్కా?"

"మొదట ఒకటి. తర్వాత లెక్కపెట్టలేదురా."

"జాలిపడుతున్నావు."

"నా మొహానికి జాలి కూడానా! బుద్ధెరిగాక తప్పులు వెతక్కుండా పాట విన్నది ఇదే మొదటిసారి." ఆవిడ కళ్లు తుడుచుకుంది, దాచుకోలేదు. "బడికి రానని చెప్పెయ్. రేపు పొద్దున వయొలిన్ తెస్తా."

అతను కాసేపు వేలు వంచి చూసుకున్నాడు.

"ఇది ఆలస్యంగా లేస్తుంది కదక్కా. నువ్వు ముందుకెళ్లిపోతే?"

"నెమ్మదిగానే లేవనీ. నేను ఆగుతా."