ఈదమ్మ బంతితోట బొమ్మ

నల్గొండలో ముప్పై ఏళ్లుగా దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి వీరేశం. అక్షరం వెంట్రుకవాసి వంకరపోయిందంటే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. అలాంటి మనిషికి మేనత్త ఈదమ్మ ఒక పని అప్పజెప్పింది. ఆమె బంతితోట అమ్ముడై, ప్లాట్లు చేసేవాళ్ల చేతికి పోయింది. ఈ బతుకమ్మకు పూలు తెంపితే అదే ఆఖరు.

"నా తోటను ఉన్నదున్నట్టు గియ్యిరా, ఇంట్ల పెట్టుకుంట. చూస్తే నా తోటే అనిపియ్యాలె. లేకుంటే పొయ్యిల పెడ్త," అన్నది.

పొయ్యి మాట ఆమె ఉత్తుత్తిగా అనదు. పోయినేడు కొడుకు కమలాకర్ పెండ్లి ఆల్బంలో తన కండ్లు మూసుకుపోయి ఉన్నాయని, ఆల్బమ్‌నే నీళ్లు కాచే పొయ్యిలో పెట్టిన మహాతల్లి!

అందుకని వీరేశం నూనె రంగులు, చట్రానికి బిగించిన గుడ్డ కొనుక్కొచ్చి, తోటగట్టున కూర్చొని, సన్న కుంచెతో ఒక్కో పువ్వునూ రెక్కరెక్కా దిద్దసాగాడు. మూడు రోజులకు ఎన్ని సాళ్లు అయ్యాయంటారు? రెండు! నాలుగో రోజు పొద్దున్నే ఈదమ్మ ఎర్రచీర కట్టుకొని, గంపలతో కూలోళ్లను వెంటబెట్టుకొని దిగింది. తెల్లారితే సద్దుల బతుకమ్మ.

"అత్తా, జర ఆగు! నా బొమ్మ కాలే!"

"నీ బొమ్మ కోసం ఊరి బతుకమ్మలు ఆగుతయారా? నువ్వు గియ్యి, మేం తెంపుతం."

ఇక చూడాలి ఆయన తిప్పలు. తల వంచి ఎత్తేలోపు ఒక సాలు మాయం! సన్న కుంచె గట్టు మీద పారేసి, గోడలకు రంగులేసే వెడల్పాటి కుంచె అందుకున్నాడు. పసుపు ఒక దెబ్బ, నారింజ రెండు దెబ్బలు. ఆకుపచ్చను గుడ్డ మీదే పిండి వేళ్లతో రుద్దాడు. ముప్పై ఏళ్ల బుద్ధిమంతపు చెయ్యి ఆవేళ శివాలెత్తింది. నిజం చెప్పొద్దూ, అంత సంతోషం ఆయన ఎన్నడూ ఎరగడు. ఆఖరున ఎరుపులో ముంచిన కుంచె జారి, పై మూలన ఎర్రమరక పడింది. తుడిస్తే చుట్టూ ఉన్న పూలు కూడా పోతాయని వదిలేశాడు.

సాయంత్రం బొమ్మను ఈదమ్మ ఇంటి అరుగు మీద ఆనించాడు. ఆమె ముక్కు తగిలేంత దగ్గరికొచ్చి చూసింది.

"గిదేందిరా, పప్పు ఒలకబోసినట్టున్నది! రెక్కలేవి?"

"కింది రెండు సాళ్లల్ల ఉన్నయి గదత్తా..."

"అగ్గిపెట్టె ఏడున్నది?" అంటూ ఈదమ్మ వాకిలి చివరనున్న పొయ్యి దగ్గరికి నడిచింది. కట్టెలు సర్ది, "తే ఇటు" అని దూరాన అరుగు మీదున్న బొమ్మ వైపు తలెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఎవ్వలది నా తోటల? గా మూలకు వంగిందెవ్వలు?" అని కేకేసింది. అంతలోనే కండ్లు చికిలించి చూసింది. "వారీ, గది నా ఎర్రచీర! గాడ వంగి పూలు తెంపుతున్నది నేనే గాదురా?"

వీరేశం ఆ ఎర్రమరక వైపు చూశాడు. ఏ బోర్డు మీదా ఒక్క మరక ఉంచి ఎరగని మనిషి.

"నువ్వే అత్తా," అన్నాడు.

ఈదమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది. పొయ్యిలోని మసి వేలికద్దుకొని వచ్చి, వీరేశం తన పేరు రాసుకుందామని వదిలిన మూలన, ఇంకా ఆరని రంగు మీద దిష్టిచుక్క పెట్టింది.

"గీ తోటనైతే ఎవ్వలకూ అమ్మేది లేదు," అన్నది.