నా నిద్ర చీటీ

నా నిద్ర చీటీ మా ఆయన నింపాడు.

ఎన్నింటికి పడుకున్నానో, ఎన్నిసార్లు లేచానో, ఎందుకు లేచానో రెండు వారాలు రాసుకు రమ్మని డాక్టరు గీతలు గీసి ఇచ్చిన కాగితం అది. నేను వంటింట్లో ఉండగా మా ఆయన పెన్ను తీసి, పది నిమిషాల్లో పద్నాలుగు రోజులూ పూర్తిచేశాడు. పదకొండుకు పడక, ఆరుకు లేవడం. మధ్యలో మెలకువ ఎందుకొచ్చిందన్న గడిలో పద్నాలుగుసార్లూ ఒకటే మాట: ఆలోచనలు. ఆయన గురకలో నా ఆలోచనలు ఎలా వినిపించాయో మరి.

పాతికేళ్లుగా ఇంటిల్లిపాదికీ ఆ డాక్టరే. చీటీ చూసి తలాడించాడు.

"నలభై దాటిన ఆడవాళ్లకు ఇది మామూలేనమ్మా. మనసులో ఏమీ పెట్టుకోకు. నిద్రమాత్ర డోసు పెంచుతాను."

"నేనూ అదే మొత్తుకుంటున్నా డాక్టరుగారూ," అన్నాడు మా ఆయన. "పనేముంది, పొద్దస్తమానం ఇంట్లోనేగా. ఊరికే బుర్ర పాడుచేసుకుంటుంది."

ఆరు నెలలుగా నా జబ్బు గురించి వీళ్లిద్దరే మాట్లాడుకుంటున్నారు. నేను ఒక్క మాత్రా మింగలేదని ఇద్దరికీ తెలియదు. అడిగితేగా చెప్పడానికి.

"మా అత్తయ్య ఫైలు ఒకసారి తెప్పించండి," అన్నాను.

"ఆవిడకేమైంది?" అన్నాడు డాక్టరు.

"ఏమీ కాలేదు. తెప్పించండి."

నర్సు తెచ్చింది. కిందటేడు అత్తయ్యకు పక్షవాతం వచ్చిన నాటి పేజీ తీసి డాక్టరు ముందు పెట్టాను. ఒళ్లు పుండ్లు పడకుండా, రాత్రీ పగలూ, రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఉంది అందులో.

"రాసింది మీరే. ఎవరు తిప్పాలో రాయలేదు. మీ మాత్ర మింగి నేను మొద్దులా పడుంటే ఆవిడ గతేంటి?"

డాక్టరు అత్తయ్య ఫైలు చూశాడు. నా ఫైలు చూశాడు. ఏడాదిగా రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి.

"నాకు పొద్దున్నే ఆఫీసు..." మా ఆయన అందుకున్నాడు.

"మీ అమ్మేగా," అన్నాను. "రాయండి డాక్టరుగారూ. ఏడాది రాత్రిళ్లు కోడలు చూసింది. ఇకనుంచి కొడుకు."

డాక్టరు రాశాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని ఈసారి ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి రాగానే అలారం గడియారం తీసి మా ఆయన దిండు పక్కన పెట్టాను.

"మరి నా నిద్ర?" అన్నాడు.

ఆరు నెలల మాత్రలూ తెచ్చి దాని పక్కన పెట్టాను.