వార్డుకి నూటికి నూరు

"ఇంట్లోనే నర్సుంది, నీకేంటమ్మా జానీ బీ, మహారాణివి!"

పక్కింటి పున్నారావు భార్య గుమ్మంలో నిలబడి ఈ మాట అనే వేళకి తహసీన్ అత్తగారు జానీ బీని ఎడమ పక్కకి ఒత్తిగిలించి, వీపు వెనక దిండు ఎగదోస్తోంది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిన మనిషి ఆవిడ. రెండేసి గంటలకోసారి పక్క మార్చకపోతే వీపున పుండ్లు పడతాయి. మంచం కింద తడిసిన గుడ్డల బకెట్టుంది. పొయ్యి మీద జావ పొంగడానికి సిద్ధంగా ఉంది. భర్త షఫీక్ టిఫిన్ తిని చెయ్యి కడిగిన పళ్ళెం పెట్టినచోటే ఉంది. పున్నారావు భార్య కంట ఇవేవీ పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాస్త బీపీ చూడమ్మాయ్ అని చెయ్యి చాచింది. తహసీన్ చేతులు కడుక్కొచ్చి చూసింది. వీధిలో సగం మందికి ఆమే చూస్తుంది, కాలికి దెబ్బ తగిలితే కట్టు ఆమే కడుతుంది. ఇంతమందికి నర్సయిన ఆ అమ్మాయి చేతికి ఇంకా డిగ్రీ రాలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇంటరు కాగానే పెళ్ళి చేసి తెనాలి పంపారు ఆమెని. నాలుగేళ్ళు ఇల్లు దిద్దుకున్నాక, బీఎస్సీ నర్సింగ్ చదువుతానండీ అని షఫీక్‌ని అడిగింది. బాపట్ల వైపున్న ఆ కాలేజీ అడిగినవేమీ గొంతెమ్మ కోరికలు కావు. ఇంటర్లో బయాలజీ, ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఇంగ్లీషు ఉండాలి. సగానికి కాస్త అటూ ఇటూగా మార్కులుండాలి. పదిహేడేళ్ళు నిండాలి. ఒంట్లో బాగుందని డాక్టరు రాసివ్వాలి. ఆఖరిది విని షఫీక్ నవ్వాడు. "ఇంటిల్లిపాదికీ ఒంటిచేత్తో చేస్తున్నావు, ఇంతకన్నా ఫిట్‌నెస్ ఏం కావాలంట వాళ్ళకి?" ఇంట్లో పెట్టిన అర్హతలు వేరే ఉన్నాయి. వంట ముగించి బయల్దేరాలి, సాయంత్రం రైలు తప్పకూడదు, మగవాళ్ళ వార్డులో ఒళ్ళు తుడిచిన సంగతులు చుట్టాల ముందు ఎత్తకూడదు. ఆమె అన్నిటికీ తలూపింది. "సరే, చదువుకో. అమ్మీకి షుగరూ బీపీ ఉన్నాయిగా, ఇంట్లో నర్సుంటే ఆస్పత్రుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది" అన్నాడు షఫీక్. ఆ పూట ఆ మాట ఆమెకి ప్రేమలాగే వినపడింది. సంతోషంతో ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు పిచ్చిది. అతను ఆ చదువు ఇచ్చింది ఆమెకి కాదనీ, తన ఇంటికి ఇచ్చుకున్నాడనీ తెలియడానికి చదువు మొత్తం పూర్తి కావలసి వచ్చింది.

ఆఖరి ఏడాదిలో అత్తగారు పడిపోయింది. అప్పుడే రేపల్లె ఆస్పత్రిలో తహసీన్ బ్యాచికి డ్యూటీలు పడ్డాయి. తోటి పిల్లలందరూ తెల్ల కోట్లు వేసుకుని రేపల్లె వెళితే ఈమె ఇంట్లో మంచం దగ్గర ఉండిపోయింది. ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం, పూటపూటా షుగరు ఇంజెక్షను. ఆయాని పెట్టుకుందామంటే షఫీక్ ఒప్పుకోలేదు. "ఇంట్లో నర్సుని పెట్టుకుని బయట ఆయానా? నలుగురూ నవ్వరూ?" బాపట్లలో ఉండే ఆడబిడ్డ సానియా ఆదివారాలు వచ్చేది, యాపిల్‌పళ్ళు తెచ్చేది, తల్లి తల నిమిరి కళ్ళు తుడుచుకునేది. గుడ్డలు మార్చే వేళకి మాత్రం "నాకు కడుపులో తిప్పుతుంది భాభీ, నీకైతే అలవాటేగా" అని వసారాలోకి వెళ్ళిపోయేది. ఆ మంచం పక్కనే కూర్చుని చదువుకుని తహసీన్ పరీక్షలు రాసింది. అన్నీ పాసయింది. ఇంటికి స్వీటు తెచ్చిందీ, అందరికీ పంచిందీ కూడా ఆమే.

తర్వాత తెలిసింది అసలు సంగతి. బాపట్ల వెళ్ళి ప్రిన్సిపాల్ గంగరత్నం మేడమ్ ఎదుట నిలబడింది. మేడమ్‌ది వాడరేవు. పడవ మీది మనిషిని ఒడ్డు నుంచి పిలిచే గొంతు ఆవిడది, మెల్లగా మాట్లాడినా వరండా చివరికి వినపడుతుంది.

"పరీక్ష రాయడానికి ఎనభై శాతం హాజరు చాలమ్మా. డిగ్రీ చేతికి రావాలంటే మాత్రం వార్డుకి నూటికి నూరు. మానేసిన ప్రతి రోజూ మళ్ళీ చేయాలి. వచ్చే సోమవారం నుంచి నెలరోజులు రేపల్లెలో వేస్తున్నా. ఇది పోతే మళ్ళీ ఏడాది జూనియర్లతో కలిసి చేయాలి. డిగ్రీ లేకపోతే నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేదు, అది లేకపోతే ఏ ఆస్పత్రీ నిన్ను తీసుకోదు. తెలుసుగా?"

తెలుసు. తెలిసినా, షఫీక్ చెప్పి పంపిన మాట ఎలాగోలా నోటివెంట తెచ్చింది. "మా అత్తగారికి చేసింది కూడా నర్సింగే కదండీ. అది లెక్కలోకి తీసుకోవడానికి కుదరదంటారా?"

మేడమ్ కోప్పడలేదు. "నువ్వు చేసే ఉంటావు తహసీన్. నీ చేతులు చూస్తేనే తెలుస్తోంది. కానీ వార్డంటే పక్కన ఒకరు నిలబడి చూడాలమ్మా. తప్పు చేస్తే ఆపాలి, బాగా చేస్తే బాగుందని చెప్పాలి. మీ ఇంట్లో నీ పని చూసిందెవరు?"

తహసీన్ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చున్నీ అంచు చేతిలోకి తీసుకుంది కానీ ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఎన్నాళ్ళ నుంచో ఎముకల్లో ఊరి కూర్చున్న అలసట. ఎవరు చూశారు? షఫీక్ రోజూ ఆ మంచం పక్క నుంచే షాపుకి వెళ్ళాడు. ఉతికిన దుప్పటి చూశాడు, ఉతకడం చూడలేదు. అత్తగారి వీపు మీద ఒక్క పుండూ లేదని డాక్టరు మెచ్చుకుంటే, "మా అమ్మీ ఒళ్ళే అంత గట్టిదండీ" అన్నాడు. ఆ మాటకి డాక్టరూ నవ్వాడు, తనూ నవ్వింది. ఎందుకు నవ్వినట్టు? అత్తగారు మాత్రం అప్పుడప్పుడూ వంకర తిరిగిన నోటితో "నీ చెయ్యే నయమే పిల్లా" అంటుంది. ఆ మాట వింటే తహసీన్ నడుంనొప్పి కూడా మరిచిపోతుంది. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ ఇంకెవరి చెయ్యీ ఆ మంచం మీద పడనివ్వలేదా తను? ఈ అనుమానం రాగానే ఆమెకి తన మీద తనకే చిర్రెత్తింది. రైలు తెనాలిలో ఆగింది, జనం తోసుకుంటూ దిగారు, ఆమె అందరికన్నా ఆఖర్న దిగింది.

ఇంటికి వచ్చి సంగతంతా చెప్పి, "సోమవారం పొద్దున్నే రేపల్లె బండికి వెళతానండీ" అంది.

షఫీక్ తలెత్తి చూశాడు. అతనిది మోటార్లు వైండింగ్ చేసే షాపు. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటారేదైనా అతని దగ్గరికే వస్తుంది. "మరి అమ్మీ?"

"మీరున్నారుగా."

"నేనా! నా మొరటు చేతులకి అవి వస్తాయా?"

"వెంట్రుకంత రాగితీగ తెగకుండా చుట్టే చేతులండీ అవి."

"సానియాని పిలుద్దాం."

"నా బదులు ఇంకో ఆడమనిషిని తెస్తే నేను ఒప్పుకోను. సానియాకి అలవాటు లేదు, మీకూ లేదు. నాకు మాత్రం పుట్టుకతో ఉందా? నేర్చుకున్నాను."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. డ్యూటీలు చెబుతున్నాను. పొద్దుటి డ్యూటీ మీది, రాత్రి డ్యూటీ నాది. ఈ నెలకే కాదు, నాకు ఉద్యోగం వచ్చాక కూడా అంతే." అంత తేలిగ్గా అనేసినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

షఫీక్ ఆఖరి అస్త్రం తీశాడు. గొంతు తగ్గించి, సిగ్గుపడుతున్నట్టు అన్నాడు: "కన్నతల్లికి ఒళ్ళు తుడవమంటావేంటి? అమ్మీ ఒప్పుకుంటుందా? సిగ్గుతో చచ్చిపోతుంది."

"పరాయి మగవాళ్ళకి నేను తుడిచి వచ్చాను. మాకు ముందు నేర్పేది కప్పడమండీ. దుప్పటి తియ్యకుండా, ఏ చెయ్యి తుడిస్తే ఆ చెయ్యే బయటికి తీసి, మళ్ళీ కప్పేసి ఇంకో చెయ్యి తీస్తాం. ఎవరి మానమూ పోదు."

"నువ్వెన్ని చెప్పు, అమ్మీ ఒప్పుకోదు."

అప్పుడు మంచం మీంచి మాట వచ్చింది. జానీ బీ మాట నోట్లోంచి తెమలడానికి టైం పడుతుంది. ఇద్దరూ ఆగారు.

"నన్ను... ఎవరైనా... అడిగారంట్రా?"

షఫీక్ మంచం వైపు తిరిగాడు.

"తడిలో పడుకుంటే... సిగ్గు. నువ్వు తుడిస్తే... సిగ్గేంటి? నీకు నేను... తుడవలేదా?"

అంతే. ఆవిడ కళ్ళు మూసుకుంది. కోడలి తరఫున మాట్లాడిందో, తన తరఫునే మాట్లాడుకుందో తహసీన్‌కి తెలియలేదు. నీకిష్టమేనా అని ఈ ఇంట్లో ఎవరూ అడగని మాట ఒకటి తనకే కాదు, అత్తగారికీ బాకీ ఉందని మాత్రం ఆ క్షణాన తెలిసింది.

వార్డులో పద్ధతి ఒకటుంది. మొదట చూడాలి, తర్వాత ఇంకొకరి కళ్ళ ముందు చేయాలి, ఆ తర్వాతే ఒంటరిగా. శనివారం తహసీన్ చేసింది, షఫీక్ చూశాడు. మధ్యలో ఫోను తీయబోతే లాక్కుని అలమర మీద పెట్టింది. ఆదివారం అతను చేశాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వెట్టిచాకిరీ ఎంతైనా చేయగలిగిన ఆమెకి ఆ నిలబడటమే కష్టమైంది. అతను తువ్వాలు పిండడం రాక నేలంతా నీళ్ళు చేశాడు. ఇటు ఒత్తిగిలించబోయి అటు లాగాడు. "నీళ్ళు చల్లారాయిరా" అంది జానీ బీ. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది. అయినా దుప్పటి జారనివ్వలేదు, ఎడం చెయ్యి కప్పాకే కుడి చెయ్యి తీశాడు, పడిపోయిన ఆ కుడి చేతిని మోటారులో తీగ పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. అంతా అయ్యాక నిలబడి, బళ్ళో పిల్లాడిలా ఆమె వైపు చూశాడు.

"బాగా చేశానా?"

ఈ ప్రశ్న ఇన్ని నెలల్లో తహసీన్ ఎవరిని అడగాలి? అడిగితే చెప్పేవాళ్ళెవరు? "బాగా చేశారు. మడమల కింద తుడవలేదు. రేపు మర్చిపోకండి" అంది.

అతను వెళ్ళాక జానీ బీ మంచి చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. "నీ చెయ్యే... నయమే."

ఆ మాట ఎప్పటిలాగే లోపలికంటా దిగింది. బకెట్టు మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. తహసీన్ ఆ చేతిని వెనక్కి తీసుకుంది. "మీ అబ్బాయి చెయ్యి కూడా కుదురుకుంటుంది అత్తమ్మా" అని, బకెట్టు అక్కడే వదిలి, లోపలికి వెళ్ళి తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంది.

సోమవారం రేపల్లె పాసింజరులో ఆమెకి కిటికీ పక్కనే చోటు దొరికింది. వేమూరు దాటాక ఫోను మోగింది. అవతల గిన్నెల చప్పుడు.

"పక్క మార్చాను. జావ పట్టాను, సగం దిండు మీద పోయింది. గుడ్డలు నానేశాను" అన్నాడు షఫీక్, ఆయాసపడుతూ. "మడమలు కూడా తుడిచాలే. నడుం విరిగిపోయింది తహసీన్. షాపులో మోటార్లు అలాగే ఉన్నాయి. వారంలో ఒక్క రోజు నువ్వు సెలవు పెట్టు, మిగతా రోజులు నేను చూసుకుంటా. నీ కాలేజీ వాళ్ళ లెక్కన చూసినా ఎనభై శాతం దాటేస్తాగా!" అని తన తెలివికి తనే నవ్వాడు.

తహసీన్ కూడా నవ్వబోయింది. అలవాటు. పెదవుల దాకా వచ్చిన నవ్వుని అక్కడే ఆపింది.

"ఎనభై పరీక్షకండీ" అంది. "వార్డుకి నూటికి నూరు. మానేసిన రోజు మళ్ళీ చేయాల్సిందే."