చెవి మేస్త్రీ పీట

సోఫా వచ్చే చోట తన చెక్కపీట వేసుకుని కూర్చున్నాడు చెవి మేస్త్రీ. ఏ ఇంట్లో హోమ్ థియేటర్ బిగించినా అంతే. మీటరుతో కొలవడం అతనికి నామోషీ. తెర మీద గుసగుసలాడితే పీట దాకా మాట అందాలి. అంతకుమించి సౌండు ఒక్క గీత పెరగకూడదు. సినిమాహాళ్ళలో స్పీకర్ల ముందు నిలబడి నేర్చుకున్న లెక్క. ఆ స్పీకర్లే అతని చెవులు తినేశాయి. తింటే హాళ్ళవాళ్ళకేం? పోయినవి వాళ్ళవి కావుగా!

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపు ఎవడు పిలుస్తాడు?

తెర మీద నటి పెదవులు కదిలాయి. మాట లేదు. రిమోట్ నొక్కాడు. లేదు. మళ్ళీ నొక్కాడు. వైర్లు సర్దుతున్న బామ్మర్ది చూస్తున్నాడేమోనని, బ్రహ్మాండంగా వినిపిస్తున్నట్టు తలాడించాడు. ఇంకా పెంచాడు. ఎక్కడో దూరాన గుసగుస అందింది. హమ్మయ్య!

అంతలో తెర మీద బాంబు పేలింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. బామ్మర్ది ఉరికొచ్చి రిమోట్ లాక్కుని సౌండు ఆపేశాడు.

గుమ్మంలో ఇంటావిడ, భుజాన పసిపిల్ల.

"ఏమయ్యా, సౌండు పెట్టడానికొచ్చావా, ఇల్లు కూల్చడానికా?" ఇంటాయన ఎగిరాడు.

"స్పీకర్ల సత్తా చూపించాడు సార్! మా బావ ముందు బెదరగొట్టి, తర్వాత సర్దుతాడు," అన్నాడు బామ్మర్ది నవ్వుతూ.

"వెనకనుంచి గొంతు చించుకున్నాను. ఈయన తిరగనైనా తిరగలేదు," అంది ఇంటావిడ.

బామ్మర్ది నవ్వు చచ్చిపోయింది. బావ ఎదుటికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి? నీ వైర్లు నువ్వు చూసుకో, పెద్ద పోటుగాడివి!"

అని, ఇంటావిడ వైపు భయంభయంగా చూశాడు. పిల్ల మొహం తల్లి భుజంలో దాగి ఉంది.

"పాపం, ఏడుపు ఆపిందా?"

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. హాలంతా అదే.

బామ్మర్ది కళ్ళలో నీళ్ళు చూసి మేస్త్రీ లేచాడు.

"కూర్చో. ఇక నువ్వే పెట్టు. నేను మంచినీళ్ళు తాగొస్తా."

పిల్ల ఊరుకున్నాక బామ్మర్ది పీట మీద కూర్చుని, నటి గుసగుస సన్నగా చెవి తాకేదాకా సౌండు కొద్దికొద్దిగా పెంచాడు. సరేనా అని తల తిప్పాడు. బావ లేడు. బాల్కనీలోకి పరిగెత్తాడు. వీధి చివర తెలిసిన వీపు.

"బావా! పీట మర్చిపోయావ్!"

దారినపోయేవాళ్ళంతా తలెత్తి చూశారు. ఆ ఒక్క తల మాత్రం తిరగలేదు.

లోపల గుసగుసలు సాగుతున్నాయి. హాలు మధ్య, కూర్చుని కూర్చుని గుంటపడిన పీట.